నెల తప్పిన ఇల్లు

కోదాడ, 28 జూన్ 1948

ఈ నోట్‌బుక్కు ఆయన ఇచ్చింది. "నేను లేనప్పుడు నాతోటి కొట్లాడబుద్ధయితే గిందుల రాసుకో" అన్నారు. పదిహేను రోజుల కిందట సూర్యాపేట వచ్చి, రెండు రోజులుండి, మళ్ళీ మిర్యాలగూడ వెళ్ళిపోయారు. ఆయన సర్కారు బస్సుకు కండక్టరు. అటు వెళ్ళిన వారానికే బస్సులు ఆగిపోయాయి. ఆయన అక్కడ, మేం ఇక్కడ.

రజాకార్ల భయంతో సూర్యాపేటలో మా వీధి సగం ఖాళీ అయింది. మా అత్త సుక్కమ్మ రెండు మూటలు కట్టి "నడువుండ్రి" అంది. అంతే. అత్త, ఆడబిడ్డ పుష్ప, నేను. మూడు రోజులు చేల గట్ల మీద నడిచి ఇక్కడికి చేరాం. ఇక్కడినుంచి నిజాం రాజ్యం సరిహద్దు దగ్గర. పరిస్థితి మరీ చెడితే ఒక్క పూటలో జగ్గయ్యపేట వైపు దాటొచ్చని అత్త లెక్క.

మైసయ్య అనే ఆసామి తన గొడ్లకొట్టంలో సగం మాకు ఇచ్చాడు. మిగతా సగంలో రెండు బర్రెలు. మమ్మల్ని చూసి అవి మొదటి రోజు చాలా బాధపడ్డాయి.

9 జూలై

ఈ నెల మూడో తారీఖుకు నేను బయట కూర్చోవాల్సింది. కూర్చోలేదు.

సూర్యాపేటలో అయితే వెనక వసారా ఉంది. నెలకు మూడు రోజులు నాకు అది సెలవు. వండేది లేదు, తోమేది లేదు. ఎవరూ ముట్టుకోరు కనుక ఎవరూ పని చెప్పరు. ఇక్కడ వసారా లేదు. "బర్రెల దిక్కు కూసోండ్రి, వాటికి అంటు లేదు" అని అత్త ముందే తేల్చేసింది. నేను ఒక మూల చూసి పెట్టుకున్నాను కూడా.

మా అత్తకు తన వయసెంతో తెలియదు. కానీ నాకూ పుష్పకూ ఏ నెల ఏ రోజున అయిందో తెలుసు. కొట్టం గుంజ మీద బొగ్గుతో గీతలు గీస్తుంది. పొడుగు గీతలు నావి, పొట్టివి పుష్పవి. ఈ పొద్దు ఆమె గుంజ వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ గుంజ వైపు చూసింది. నీళ్ళ కడవ నా చేతిలోంచి తీసుకుంది.

12 జూలై

ఇంకా లేదు.

20 జూలై

అత్త ప్రకటించింది. ప్రకటన మొదట బర్రెలకు, తర్వాత మైసయ్య భార్యకు, ఆఖరుకు నాకు.

"పిల్లా ఆండాలూ, నెల తప్పినవ్."

"నడిచొచ్చినం గద అత్తా, అందుకేమో."

"నడిస్తె కాళ్ళు నొస్తయి. నెలెందుకు తప్పుతది?"

మాట గట్టిదే. నిజం చెప్పాలంటే కాదనాలని నాకూ లేదు. పెళ్ళై రెండేళ్ళు. ఆయన ఉన్న ఆ రెండు రోజులను వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్క పెట్టానో నాకే సిగ్గు.

ఇక్కడ మాకు రోజుకు ఒకటే పూట. మనిషికొక జొన్నరొట్టె, ఉప్పు, మిరపకాయ. ఈ రోజునుంచి నా పళ్ళెంలో ఒకటిన్నర. పుష్ప పళ్ళెంలో సగం. పుష్పకు ఆకలి లేదని అత్త చెప్పింది. పుష్ప కూడా లేదనే చెప్పింది. ఇద్దరూ చెప్పాక నేను తినకపోతే బాగుండదు.

26 జూలై

పుల్లమామిడి తినాలని ఉందన్నాను. నిజానికి లేదు. కానీ ఈ సమయంలో ఉండాలట. అత్త ఎండలో నాలుగిళ్ళు తిరిగి పాత ఊరగాయ బద్ద ఒకటి తెచ్చింది. తిన్నాను. తిన్నాక నిజంగానే కోరిక పుట్టింది.

2 ఆగస్టు

రెండో నెల కూడా రాలేదు. ఇంక అనుమానం ఏముంది?

మిర్యాలగూడ వైపు బండి తోలుకుపోతున్న మనిషి ఒకడు దొరికితే అత్త అతని చేత నాలుగుసార్లు వల్లె వేయించింది. "మా కొండలు కనవడితె చెప్పు. కండక్టరు కొండలు. తండ్రి కాబోతున్నవని చెప్పు. మేం బతికే ఉన్నమని గూడ చెప్పు." ఆ వరసలో.

మైసయ్య కొడుకు చంద్రు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటాడు. పాతికేళ్ళుంటాయి. నోరు ఊరుకోదు. పుష్ప తన రవిక బిగువు చేయించుకోవడానికి పోయింది. నెల తిరగకముందే ఇది రెండోసారి.

"మీ ఇంట్లో రైకలన్నీ లోపలికే కుట్టిస్తన్నారు, అక్కా" అన్నాడు నాతో. "ఇట్టాగైతే చివరికి గుండీలు ఒక్కటే మిగిలేది."

పుష్ప నవ్వింది. అంత నవ్వేమీ అక్కరలేదనిపించింది నాకు.

నా రవిక కూడా వదులే. కడుపుతో ఉన్నవాళ్ళు మొదట్లో చిక్కుతారని అత్త చెప్పింది. లేదా నేనే అడిగి చెప్పించుకున్నాను.

6 ఆగస్టు

పుష్ప రెండు రోజులనుంచి బర్రెల పక్కన కూర్చుంటోంది. అత్త గుంజ మీద పొట్టిగీత గీసి తృప్తిపడింది.

ఈ మధ్యాహ్నం అత్త బావికి పోయినప్పుడు నేను సగం రొట్టె దూరంనుంచి పుష్ప ముందు పెట్టాను. అది నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి లాక్కున్నాను.

"ముట్టుకున్నవేందే?"

"ఏం కాదు వదినా. నాకేం కాలే. ఉత్తగ కూసున్న."

"ఉత్తగనా?"

"పోయిన నెల గూడ ఉత్తదే. అమ్మ నీ ధ్యాసల ఉండి చూడలే. నాకు రెండు నెలలు రాలే వదినా. భయమైతున్నది."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇక్కడ రాయకపోయినా ఎవరూ అడగరు. అయినా రాస్తున్నాను.

"ఎవడే?" అన్నాను.

పుష్ప నా చెయ్యి వదిలేసింది. రొట్టె తినలేదు. బర్రె తినేసింది.

8 ఆగస్టు

పుష్ప నాతో మాట్లాడటం లేదు. నేను అడిగినదాంట్లో తప్పేముంది? ఇంటికి పెద్దకోడలిని. చిన్నకోడలు లేదు కానీ, ఉంటే పెద్దదాన్నే.

చంద్రు మిషను చప్పుడు పొద్దంతా వినిపిస్తుంది. అంత కుట్టే బట్టలు ఈ ఊళ్ళో ఎవరి దగ్గరున్నాయి?

13 ఆగస్టు

ఆలోచించాను. నాకు ఆగడం వేరు, దానికి ఆగడం వేరు. నాకు మొగుడున్నాడు.

ఇది రాసి, చదువుకుని, కొట్టేద్దామనుకున్నాను. సిరా దండగని ఉంచేశాను.

19 ఆగస్టు

నడుము నొప్పి. వాన.

20 ఆగస్టు

నిన్నటిది ఏమీ కాదు. నెల తప్పినవాళ్ళకు కూడా ఒక్కోసారి కొంచెం కనిపిస్తుందని మా అమ్మ ఎవరికో చెబుతుంటే చిన్నప్పుడు విన్నాను. కొంచెమే.

పాత చీర ఒకటి చింపాను. పాతది కనుక.

21 ఆగస్టు

కొంచెం కాదు.

అత్త ఈ పొద్దు నా పళ్ళెంలో ఇంత బెల్లం ముక్క పెట్టింది. ఎక్కడినుంచి తెచ్చిందో! ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూసింది. ఆమె ముఖం చూస్తూ ఎట్లా చెప్పను? రేపు చెబుతాను.

23 ఆగస్టు

అయిపోయింది. వాన.

25 ఆగస్టు

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను. వరస తప్పితే మళ్ళీ నాకు అనుకూలంగా రాసుకుంటానేమోనని భయం.

పొద్దున అత్త నా పాత చీర కోసం వెతికింది. పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు చేద్దామని. నేను చింపిన చీరే అది. కనపడక మూట మొత్తం విప్పింది. అడుగున పుష్ప ముట్టుగుడ్డలు బయటపడ్డాయి. సూర్యాపేటలో అత్త తన చేత్తో వేసిన మడత వేసినట్టే ఉంది.

అత్త అరవలేదు. అరిస్తే బాగుండేది. పుష్పను పిలిచి, ఆ గుడ్డలు చూపించి, ఒక్క మాట అడిగింది.

"ఎవడు?"

"ఎవ్వడు లేడమ్మా."

"ఆ మిషనోడేనా?"

"నీ మీద ఒట్టు. ఎవ్వడు లేడు."

అత్త కొంగు నడుముకు చుట్టుకుంది. పక్క ఊళ్ళో మంత్రసాని ఉందట. కషాయం ఇస్తుందట. రెండు గుక్కలు తాగిస్తే అంతా దిగిపోతుందట. "నేనొచ్చెదాక దీన్ని కదలనియ్యకు" అని నాకు చెప్పి వెళ్ళిపోయింది.

పుష్ప గుంజకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. దాని మెడ దగ్గర ఎముకలు అంతగా బయటికి ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. రోజూ ఎదురుగానే తింటుంది. నేను నా పళ్ళెమే చూసుకున్నాను కాబోలు.

"లే, పోదాం" అన్నాను.

"యాడికి?"

"సత్రంకాడికి. నర్సమ్మ ఉన్నది."

ఊరి మొదట్లో ఉన్న సత్రం నిండా మాలాగే నడిచి వచ్చినవాళ్ళే. వాళ్ళకు మందులివ్వడానికి కృష్ణా జిల్లా వైపునుంచి వచ్చిన నర్సు శాంతమ్మ. లావుపాటి కళ్ళజోడు, అంతకంటే లావుపాటి గొంతు. ముందు పుష్పను కూర్చోబెట్టి కనురెప్ప కిందికి లాగి చూసింది. గోళ్ళు చూసింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఆగి?"

"మూడో నెల వస్తున్నది."

"ఏం తింటన్నావు?"

"సగం రొట్టె."

"మిగతా సగం ఎవరు తింటన్నారు?"

నేను గోడ మీద బల్లిని చూశాను.

అడ్డంగా కట్టిన దుప్పటి వెనక్కి పుష్పను తీసుకెళ్ళి, కడుపు మీద చెయ్యి పెట్టి, ఏవేవో నెమ్మదిగా అడిగి, శాంతమ్మ బయటికి వచ్చింది.

"ఈ పిల్లకి ఏమీ లేదు. ఎవరన్నారు ఉందని?"

"నెల తప్పింది గద" అన్నాను.

"తప్పితే? ఈ సత్రంలో నాకు ఇట్టాంటోళ్ళు ఇరవైమంది. పెళ్ళైనోళ్ళున్నారు, కానోళ్ళున్నారు. మొగుడు చచ్చి ఆరేళ్ళైనామె కూడా ఉంది. మరి ఆమెకేమంటావు?" ఆమె నవ్వి చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ఇంట్లో గింజలు నిండుకున్నాయనుకో. నువ్వు ముందు ఏం చేస్తావు? చుట్టాల్ని రావద్దంటావు. ఒళ్ళూ అంతే. తిండి లేదని తెలిస్తే కొత్త చుట్టాన్ని పిలవదు, తలుపేసుకుంటుంది. తిండి ఒక్కటే కాదు. రోజులకొద్దీ నడక, ప్రాణభయం, మనసులో దిగులు, జరం వచ్చి తగ్గినా అంతే. కొందరు పిల్లలకి మొదటి నాలుగైదేళ్ళు వరస కుదరదు. పెళ్ళైన పిల్లయితే ముందు కడుపేమోనని చూస్తాం, అది సహజమే. కానీ అదొక్కటే అనుకుంటే ఎట్టా?"

తర్వాత కళ్ళజోడు నా వైపు తిప్పింది. "నీ మొహమూ అట్టాగే ఉంది. నీ సంగతేంది?"

"నాకు మూడో నెల" అన్నాను. నోటికి అలవాటైపోయింది.

"జూనులో అయ్యాక ఆగిందా? తర్వాత ఏమీ కనపడలేదా?"

నా బదులు పుష్ప చెప్పింది. నేల వైపు చూస్తూ.

"కనవడ్డది సిస్టరమ్మా. పోయిన వారం. బాయికాడ వదిన గుడ్డలు పిండుతుంటె నేను చూసిన."

వారం రోజులుగా దానికి తెలుసు. అత్త దాని ముఖం ముందు గుడ్డలు పట్టుకుని "ఎవడు?" అని అడిగినప్పుడు కూడా తెలుసు. నా పేరు ఎత్తితే చాలు, అత్త చూపు నా మీదికి మళ్ళేది. ఎత్తలేదు.

శాంతమ్మ నన్ను కూడా దుప్పటి వెనక్కి రమ్మంది. అక్కరలేదన్నాను. "నాకు తెలుసు సిస్టరమ్మా, లేదు." ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

కషాయం గురించి అడిగితే ఆమె నవ్వు పోయింది. "తాగించొద్దు. ఒంట్లో రక్తం లేని పిల్ల. చచ్చిపోతుంది."

మేం తిరిగొచ్చేసరికి అత్త వచ్చేసింది. చేతిలో ముంత. ముంత మీద ఆకు. పుష్పను చూడకుండా దాని ముందు పెట్టింది.

"తాగు."

నేను మధ్యలోకి వెళ్ళాను. రెండేళ్ళలో నేను అత్తకు ఎదురు చెప్పింది ఒక్క కూరలో ఉప్పు గురించే.

"అత్తా, నా కడుపుల ఏం లేదు."

"నీదేంది నడుమ? దూరం జరుగు."

"నా నెల ఆగితె కడుపన్నవ్. దాని నెల ఆగితె తప్పన్నవ్. ఇద్దరికి ఆగింది ఒక్కదానికే అత్తా. తిండి లేక, భయానికి. నాది పోయిన బేస్తారం వచ్చింది. నేను దాచిన. నువ్వు దేవులాడిన చీర చింపింది గూడ నేనే."

అత్త నా కడుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. బెల్లం పెట్టినప్పుడు చూసిన కళ్ళే. వాటిలోంచి ఏదో మెల్లగా వెళ్ళిపోవడం నేను నిలబడి చూశాను.

"నర్సమ్మ చూసిందా దీన్ని?"

"చూసింది. ఏం లేదన్నది. గది తాగితె సస్తదన్నది."

అత్త వంగి ముంత తీసుకుంది. బయటికి పోయి పేడకుప్ప మీద పారబోసింది. బర్రె ఒకటి వాసన చూసి ముఖం తిప్పుకుంది. అత్త అక్కడే, పేడకుప్ప పక్కనే కూర్చుండిపోయింది.

పుష్ప వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నేను వెళ్ళలేదు. నా చోటు అక్కడ కాదు.

26 ఆగస్టు

అత్త నాతో మాట్లాడటం లేదు. బర్రెలతో మాట్లాడుతోంది. "మీరే నయం, ఈనితె ఈనుతరు, లేకుంటె లేదు" అని.

29 ఆగస్టు

మూడు పళ్ళేలు. మూడు రొట్టెలు. అత్త తన రొట్టె సగం విరిచి పుష్పకు వేసింది. పుష్ప అందులో సగం విరిచి నాకు వేసింది.

నేను అక్కర్లేదని అనాల్సింది. ఆకలిగా ఉంది. తిన్నాను.

పుష్ప మాట్లాడింది. "నీ పాప పేరు ఏం పెట్టాల్ననుకున్నవ్ వదినా?" అని. చెప్పాను. "మంచిగ లేదు" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను కాసేపు ఏడ్చాను. అది నా వెనక్కి వచ్చి నిలబడి, బర్రె తోకను పట్టుకుని నా మీద ఈగలు తోలుతున్నట్టు ఊపింది.

2 సెప్టెంబరు

శాంతమ్మ సత్రంనుంచి రెండు సేర్ల రాగులు, కొంచెం బెల్లం పంపించింది. తెచ్చింది చంద్రు. అత్త అతన్ని కింది నుంచి మీదికి చూసి "కూసో బిడ్డా, మంచినీళ్ళు తాగి పో" అంది. పాపం, అతనికి ఎందుకింత మర్యాదో తెలియదు. కూర్చుని మూడు చెంబులు తాగాడు.

20 సెప్టెంబరు

వారం కిందట ఈ దారిన ఇండియా మిలటరీ లారీలు పోయాయి. రెండు రోజులు కొట్టంలోంచి బయటికి రాలేదు. నిజాం లొంగిపోయాడని, అంతా ఖతమైందని మొన్న చెప్పారు. మైసయ్య భార్య అందరికీ అన్నం పెట్టింది. వరి అన్నం. మెతుకు మెతుకు చూసుకుని తిన్నాం.

సూర్యాపేట, 3 అక్టోబరు

ఇల్లు ఉంది. తలుపు ఒకటి లేదు. వెనక వసారా అలాగే ఉంది.

అత్త నాతో మాట్లాడింది. "ఆ చీపురియ్యి" అని. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత. చీపురు ఇవ్వడానికి నేను పరుగెత్తాను.

7 అక్టోబరు

ఆయన వచ్చారు.

గడప దాటుతూనే ముందు నా ముఖం చూడలేదు. కడుపు చూశారు. చేతిలో గుడ్డలో చుట్టింది ఏదో ఉంది. విప్పితే గిలక్కాయ. చెక్కది, ఎర్రరంగు వేసింది. బండి మనిషి మా కబురు చెప్పనే చెప్పాడు, అదీ సరైన వరసలో.

అత్త, పుష్ప ఒక్కసారిగా పెరట్లో పని ఉందని వెళ్ళిపోయారు.

చెప్పాను. మొత్తం చెప్పాను. దాచింది కూడా చెప్పాను. ఆయన వింటూ గిలక్కాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒకసారి ఊపారు. చప్పుడు మరీ ఎక్కువగా వచ్చింది. ఆపారు.

"రెండు నెల్లు నన్ను తండ్రిని చేసినవ్" అన్నారు. "మళ్ళ కండక్టర్ని చేసినవ్."

"కోపమొచ్చిందా?"

"బతికి ఉన్నరన్న మాట వాడు ఆఖర్న చెప్పిండు. అప్పటిదాక నాకేం వినవడలే." గిలక్కాయను మళ్ళీ గుడ్డలో చుడుతూ, "అయినా ఆ రెండు నెల్లు మంచిగనే ఉండె. మా డ్రైవరుకు గూడ చెప్పిన. ఇగ వానికేం చెప్పాల్నో నువ్వే రాసియ్యి" అన్నారు.

ముఖం అటు తిప్పుకున్నారు. నేను ఇటు తిప్పుకున్నాను. ఇద్దరం అలా కూర్చుంటే పుష్ప తొంగిచూసి "కొట్లాడుకుంటుండ్రా?" అంది.

18 అక్టోబరు

పొద్దున పెరట్లోంచి పుష్ప కేక. "వదినా! అయింది!"

ఆ కేక మా వీధికే కాదు, పక్క వీధికి కూడా వినిపించి ఉంటుంది. ఆయన పళ్ళు తోముకుంటూ ఆగి, "ఏమైందట?" అని అడిగారు. నేను ఏం చెప్పను?

"నోరు మూయవే, సిగ్గులేనిదానా" అంటూ అత్త పరుగెత్తింది. తిట్టడం ఒక చేత్తో, కళ్ళు తుడుచుకోవడం ఇంకో చేత్తో. మధ్యాహ్నం బెల్లం అన్నం వండింది. ఎందుకు వండావని ఆయన మళ్ళీ అడిగారు. "తినబుద్ధయింది, వండిన. నీకేంది?" అంది అత్త.

పుష్పకు వసారాలోకి నేను పళ్ళెం తీసుకెళ్ళాను. నిండా. దూరంనుంచి పెట్టబోతే అది చెయ్యి చాపింది. ఈసారి నేను వెనక్కి లాక్కోలేదు. తర్వాత స్నానం చేశాను, ఆ సంగతి వేరు.

మిర్యాలగూడ, 16 నవంబరు

బస్సులు నడుస్తున్నాయి. ఆయన ఇక్కడ ఒక ఇల్లు కిరాయికి తీసుకుని మమ్మల్ని తెచ్చారు. రెండు గదులు, వెనక ఒక రేకుల వసారా. నేను ఇప్పుడు ఆ వసారాలోనే ఉన్నాను. నిన్న పొద్దుటినుంచి. నెల సరిగ్గా వచ్చింది. ఆయన డ్యూటీకి పోయారు, పుష్ప పక్కింట్లో ఉంది.

అత్త బియ్యం చేట తీసుకుని వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుంది. రాళ్ళు ఏరుతూ ఏరుతూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"నాకు గూడ ఆగింది."

"ఎప్పుడత్తా?"

"పెద్ద జరం వచ్చిన ఏడు. ఇంటికిద్దరు సచ్చిండ్రు. నేను పడి లేచిన. నీ అంతనే ఉంట. నాలుగు నెల్లు రాలే. మా అత్త గాజులు తొడిగించింది, సుట్టాలందర్ని పిలిచి కూడు పెట్టింది. ఐదో నెల వచ్చింది."

"ఏం జేసినవ్?"

"దాచిన."

నేను నవ్వకూడదనుకున్నాను. నవ్వాను. అత్తకూ నవ్వు వచ్చింది, చేటలో బియ్యం కదిలాయి.

"నెలా పదిహేను రోజులు దాచిన. ఇంక దాచలేక, కడుపు పడిపోయింది అని చెప్పిన. ఇల్లంత ఏడ్సిండ్రు. మా అత్త సచ్చేదాక ఏడాదికోపాలి ఆ పిల్లకు దీపం పెట్టింది. లేని పిల్లకు. నేను పక్కన నిలవడి నూనె పోస్తుంటి."

"చెప్పలేదా ఆమెకు?"

"యాడ చెప్త? అంత ప్రేమ పెట్టుకున్నది. నీ మామకు గూడ చెప్పలే. గిప్పుడు నీకు చెప్తున్న."

అడగాలా వద్దా అనుకున్నాను. అడిగేశాను.

"జరమొచ్చినా, తిండి లేకున్నా ఆగుతదని నీకు ఎరికే గద అత్తా. మరి పుష్పను ఎందుకట్ల అన్నవ్?"

అత్త వేళ్ళు ఆగిపోయాయి. చేట ఒళ్ళో పెట్టుకుంది.

"నీ మీద ఆశ ఉండె. దాని మీద భయముండె" అంది. "రెండు కండ్లల్ల రెండు పడ్డయి. ఇగ ఏం కనవడ్తది బిడ్డా? నా ఒంటికి నేనే ఎరిక లేకుంట అయిన. ఆ ముంత నా చేతులతోటి నేనే..."

ఆమె కషాయం తెచ్చిన నాడు నేను వారం రోజుల అబద్ధంతో ఉన్నాను. ఎవరి ముంతలో ఎంత తప్పుందో తేల్చే పెద్దరికం నాకు లేదు.

కొంతసేపటికి అత్త చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోతుందనుకున్నాను. వచ్చి నా వెనక కూర్చుంది.

"అత్తా, నేను దూరమున్న."

"నాకు కండ్లు లేవా? ఆ జుట్టేంది గట్ల, బర్రె నాకినట్టు? ఇటు తిరుగు."

చిక్కులన్నీ తీసింది. ప్రతి చిక్కుకూ ఒక తిట్టు. జడ వేసి, చివర ముడి వేసి, వీపు మీద ఒక్క చరుపు చరిచి, బావి దగ్గరికి స్నానానికి పోయింది. నవంబరు చలి. తల మీద చన్నీళ్ళు పోసుకున్న చప్పుడు, ఆ వెంటనే అత్త గొంతు ఇక్కడిదాకా వినిపించింది.

"అవ్వో! సచ్చిన నాయినో!"